క్లయింట్‌ని భోజనానికి తీసుకెళ్తే ఎక్కడ తేడా కొడుతుంది: సమస్య - పరిష్కారం

భీమవరం వైపు రొయ్యల వ్యాపారంలో ఉన్నవాళ్లకి బయ్యర్లు రావడం కొత్తేం కాదు. చెన్నై నుంచో, ముంబై నుంచో, ఒక్కోసారి విదేశాల నుంచో వస్తారు, పగలంతా ప్లాంటు చూస్తారు, రాత్రికి మనం ఓ మంచి హోటల్లో టేబుల్ బుక్ చేస్తాం. ఇలాంటి భోజనాలు నేను చాలా ఏర్పాటు చేశాను. చెడిపోయిన వాటన్నిటిలోనూ జరిగింది ఒకటే. ఏ హోటల్ గొప్పది అని చూశాం తప్ప, వచ్చిన ఆయన ఏం తింటారు, ఎన్ని గంటలకి తింటారు, ఎంతసేపు కూర్చోగలరు అన్నది ముందు కనుక్కోలేదు.

సమస్య: టేబుల్ దగ్గర మాట వినపడదు

రాజమండ్రిలో ఓసారి పెద్ద హోటల్లోనే కూర్చున్నాం. పక్క హాల్లో ఓణీల ఫంక్షన్, డీజే. 30 కౌంట్ (అంటే కిలోకి ముప్పై తూగే రొయ్యలు) రేటు మాట్లాడుకోవాల్సిన చోట ఇద్దరం అరుచుకుంటున్నాం, నేను చెప్పిన అంకె ఆయనకి ఒకటికి రెండుసార్లు వేరేలా వినపడింది, చివరికి టిష్యూ పేపర్ మీద రాసి చూపించాను. ఆ చెమ్మకి ఇంకు పాకిపోయి ఆ అంకె కూడా సరిగ్గా కనపడలేదు.

కారణం తేలికే: మన ఊళ్లలో మంచి రెస్టారెంట్లు చాలావరకు ఫంక్షన్ హాలు ఉన్న హోటళ్లలోనే ఉంటాయి, ముహూర్తాల రోజుల్లో ఆ హోరు అంతా భోజనాల దగ్గరికి వస్తుంది.

బుక్ చేసేటప్పుడు ‘టేబుల్ ఉందా’ అని కాదు, ‘ఆ రోజు మీ హాల్లో ఫంక్షన్ ఏమైనా ఉందా’ అని అడగండి. క్యాలెండర్లో ముహూర్తం చూసుకోండి. వీలైతే ముందు రోజు అదే టైముకి వెళ్లి కూర్చుని ఓ టీ తాగి రండి, అప్పుడు వంటగది తలుపు ఎటు ఉందో, స్పీకర్ ఎక్కడుందో, ఏసీ గాలి ఎవరి నెత్తిన కొడుతుందో తెలుస్తుంది. గోడవారన మూల టేబుల్ అడిగి, దాని నంబర్ సర్వర్లని చూసుకునే కెప్టెన్‌తో రాయించుకోండి. సంక్రాంతి మూడు రోజులైతే భీమవరంలో ఇవేవీ పనిచేయవు. పందేలకి వచ్చినవాళ్లతో హోటళ్లన్నీ నిండిపోతాయి, మీటింగ్ వేరే వారానికి మార్చుకోవడమే.

సమస్య: ఎంతో ఖర్చు పెట్టి పులస తెప్పించాం, ఆయన రెండు ముక్కలు కెలికి పక్కన పెట్టేశారు

ఇది మన జిల్లాల వాళ్లందరికీ తగిలే దెబ్బ. పుస్తెలమ్మి అయినా పులస తినాలి అంటాం కదా, ఆ ప్రేమతోనే తెప్పిస్తాం. కానీ పులస నిండా సన్నటి ముళ్లు. అలవాటు లేని మనిషి ముళ్లు ఏరుకుంటూ తల పైకెత్తలేరు, ఇక మాటలెక్కడ? నేను కళ్లారా చూశాను: ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన పావుగంట సేపు స్పూనుతో ఒకే ముక్కని అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో ముల్లూ తీసి ప్లేటు అంచున వరసగా పెడుతూ కూర్చున్నారు, మొహమాటానికి ‘వెరీ నైస్’ అన్నారు. నాకు చాలా బాధేసింది, తప్పు నాదే.

ఇంకో సంగతి. ఇలస సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాకే పులస అవుతుంది, అంటే వరదలొచ్చే జులై నుంచి సెప్టెంబరు మధ్యే. మిగతా నెలల్లో మెనూలో పులస అని కనిపిస్తే అది ఫ్రీజర్లో పెట్టినదో సముద్రపు ఇలసో అయి ఉంటుంది, దానికి ఆ డబ్బు పెట్టకండి.

చేప తినే క్లయింట్ అయితే పండుగప్ప గానీ కొరమీను గానీ చెప్పండి, ముళ్లు తక్కువ, ముక్క గట్టిగా ఉంటుంది, ఫోర్కుతో కూడా తినొచ్చు. పీతల ఇగురు మాత్రం మొదటిసారి కలిసిన మనిషికి వద్దు, చొక్కా చేతులు మడిచి రెండు చేతులతో పీత విరవడం అందరికీ ఇష్టం ఉండదు. పులస రుచి చూపించాలనే ఉంటే పులుసు ఓ చిన్న గిన్నెలో పెట్టించి, ‘ఇది మా ఊరి గొప్ప, నచ్చితేనే తినండి’ అని చెప్పి వదిలేయండి.

సమస్య: ఆయన అసలు ఏమీ తినడం లేదు

గుజరాతీ, మార్వాడీ క్లయింట్లతో ఇది ఎక్కువ. జైనులైతే ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ లాంటి దుంపలు తినరు, నిష్ఠగా ఉండేవాళ్లు సూర్యాస్తమయం తర్వాత భోజనమే చేయరు. మనం రాత్రి తొమ్మిదింటికి టేబుల్ బుక్ చేసి, ‘వెజ్ కూడా ఉంది సార్’ అంటే ఏం లాభం? పైగా పక్క టేబుల్ నుంచి చేపల పులుసు వాసన.

రెండు రోజుల ముందే ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, ఎవరూ తప్పు పట్టరు. అలాంటివాళ్లకి సూర్యాస్తమయం లోపే భోజనం అయిపోయేలా సాయంత్రం పెందలాడే టేబుల్ వేయించండి, వంటగది కూడా శాకాహారమే అయిన హోటల్ చూడండి. ముస్లిం క్లయింట్ అయితే హలాల్ సంగతి, రంజాన్ నెలైతే ఇఫ్తార్ టైము కనుక్కోండి. కార్తీక మాసంలో మనవాళ్లే చాలామంది నీచు ముట్టరు, అది మర్చిపోయి తెలుగు క్లయింట్ ముందు మటన్ పెట్టించిన సందర్భాలూ ఉన్నాయి.

సమస్య: ఆయన ‘చాలు చాలు’ అంటున్నారు, మనవాళ్లు వడ్డిస్తూనే ఉన్నారు

కొసరి కొసరి పెట్టడం మన గోదావరి మర్యాద, ఇంట్లో అది బాగుంటుంది. ఇక్కడ ఆయనకి రేపు పొద్దున్నే ఫ్లైటు ఉంది, కడుపు బరువెక్కితే అసలు మాట పక్కకి పోతుంది. అడిగితేనే వడ్డించమని కెప్టెన్‌కి ముందే చెప్పండి. మీ పార్ట్‌నర్‌కి కూడా.

సమస్య: టేబుల్ దగ్గరకొచ్చేసరికే ఆయన అలిసిపోయారు

మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో ఫ్లైటు దిగిన మనిషిని రావులపాలెం మీదుగా భీమవరం దాకా రెండు గంటలు కారులో తీసుకొచ్చి నేరుగా డిన్నర్ అంటే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి. రాజమండ్రిలోనే భోజనం పెట్టేయండి, లేదా ఆయన బస చేసే హోటల్లోనే పెట్టండి. డ్రైవర్ భోజనం మర్చిపోకండి.

సమస్య: బిల్లు దగ్గర గొడవ

సర్వీస్ ఛార్జీ చూసి మనం కెప్టెన్‌తో వాదిస్తుంటే క్లయింట్ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. బిల్లులో సర్వీస్ ఛార్జీ దానంతట అది వేయకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అందుకని బుకింగ్ రోజే ‘అది వేయొద్దు’ అని చెప్పేయండి. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం, గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటల్లో 18 శాతం. ఈ భోజనాల మీద కట్టిన జీఎస్టీ మామూలుగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా) రాదు, ఆ ఆశతో లెక్క వేసుకోకండి. మీ కార్డు ముందే కౌంటర్లో ఇచ్చి, సంతకం తర్వాత పెడతానని చెప్పండి. బిల్లు టేబుల్ మీదకి రాకూడదు.

పెద్ద కంపెనీల మనుషులకి బయటివాళ్ల దగ్గర ఎంతవరకు విందు, బహుమతి తీసుకోవచ్చో వాళ్ల ఆఫీసు నియమాలు ఉంటాయి. అదీ రెండు రోజుల ముందు ఆయన ఆఫీసుకి చేసే ఆ ఫోన్లోనే అడగండి, పాపం వాళ్లని ఇబ్బంది పెట్టకూడదు.

సమస్య: ఇచ్చిన స్వీట్లు హోటల్లోనే వదిలేసి వెళ్లిపోయారు

బరువైన డబ్బా, పాకం కారే కాజాలు. సూట్‌కేసులో బట్టల మధ్య ఎవరు పెట్టుకుంటారు? ఆత్రేయపురం పూతరేకులు ఇవ్వండి. తేలిక, పాకం కారదు, 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది కాబట్టి చెప్పడానికి ఓ కథ ఉంటుంది. బెల్లంవో, పంచదారవో అడిగి తీసుకోండి, గట్టి అట్టపెట్టెలో సర్దించండి, టేబుల్ దగ్గర ఇవ్వకండి, కారెక్కేటప్పుడు చేతికివ్వండి.