రెండు విమానాశ్రయాల మధ్య – 3వ పాఠం: కిలోమీటర్ల నుంచి గంటలకు

గత పాఠంలో అక్షాంశ రేఖాంశాలతో లండన్ హీత్రో నుంచి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయానికి దూరం కట్టాం. భూకేంద్రం దగ్గర కోణం 78.8 డిగ్రీలు వచ్చింది. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున సుమారు 8,760 కిలోమీటర్లు. ఆ దారి గ్రీన్‌లాండ్ మీదుగా పోతుందంటే ఇంకా నమ్మకం కుదరనివాళ్లు గ్లోబు మీద దారం బిగించి చూడండి. గోడకు వేలాడే పటం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు సమయం. దూరప్రయాణాల పెద్ద జెట్ విమానాలు ఎత్తుకు చేరాక గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. 8,760ని 900తో భాగిస్తే 9 గంటల 44 నిమిషాలు. చాలామంది ఇక్కడే లెక్క ముగించేస్తారు, టైమ్‌టేబుల్‌తో సరిపోలేదని తలపట్టుకుంటారు.

ఆ 900 గాలితో పోల్చిన వేగం. గాలే కదులుతుంటే నేల మీద లెక్కకొచ్చే వేగం, అంటే గ్రౌండ్ స్పీడ్, మారిపోతుంది. మధ్య అక్షాంశాల్లో సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది. చలికాలంలో దాని ఉధృతి ఎక్కువ. దారి పొడవునా సగటున గంటకు 60 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. పడమటికి పోయేటప్పుడు 900లోంచి 60 తీసేయాలి: 8,760ని 840తో భాగిస్తే 10 గంటల 26 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో 60 కలపాలి: 960తో భాగిస్తే 9 గంటల 8 నిమిషాలు.

ఒక్క క్షణం ఆగండి. ఎదురుగాలి 42 నిమిషాలు తినేసింది, అదే గాలి వెనక నుంచి తోసినప్పుడు 36 నిమిషాలే తిరిగిచ్చింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమూ ఎక్కువే. రానుపోను గాలి సరికి సరి అవుతుందనే మాట తప్పు. అందుకే గాలి కలిసొస్తుందనుకుంటే విమాన సంస్థలు అతి తక్కువ దూరపు దారిని వదిలి కాస్త చుట్టూ తిరిగి వెళ్తాయి.

విమానం రన్‌వే దాకా నేల మీద పోవడం, గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ కలిపి ఇంకో 40 నిమిషాలు వేసుకోండి. ఇది నా అంచనా పద్ధతి. రద్దీ విమానాశ్రయాల్లో ఇంకా పెంచాలి. అప్పుడు వెళ్లడానికి సుమారు 11 గంటలు, రావడానికి 10 గంటల లోపు.

టికెట్టు మీద కనిపించేవి మాత్రం ఏ ఊరి గడియారం ఆ ఊరిదే. లండన్ కన్నా లాస్ ఏంజెలెస్ 8 గంటలు వెనక. మధ్యాహ్నం 12కి బయల్దేరితే అక్కడ 3 గంటలకు దిగుతారు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, బ్రిటన్ చివరి ఆదివారం జరుపుతుంది. ఆ మధ్య రోజుల్లో తేడా 7 గంటలే. అక్టోబర్ చివర కూడా ఒక వారం ఇదే తంతు.

అభ్యాసం: సిడ్నీ (33.95 దక్షిణం, 151.18 తూర్పు) నుంచి శాంటియాగో (33.39 దక్షిణం, 70.79 పడమర). రేఖాంశాల తేడా 180 దాటుతుంది, 360లోంచి తీసేయండి. దూరం 11,300 కిలోమీటర్ల చిల్లర రావాలి. 12,700 దాటితే మీరు అక్షాంశ రేఖ వెంటే నడిచారన్నమాట. ఏ దిక్కున పోతే ఎక్కువసేపు పడుతుందో కూడా రాయండి. దక్షిణార్ధగోళంలోనూ జెట్ స్ట్రీమ్ పడమర నుంచే వీస్తుంది. దినరేఖ దాటితే తారీఖు ఏమవుతుందో వచ్చే పాఠంలో.