పెరట్లో పిచ్చుకల పెట్టెకి పిల్లి, పాము, కాకి రాకుండా ఏం చెయ్యాలంటే

ఈమధ్య మా కోనసీమలో చాలామంది ఇళ్ళ దగ్గర పిచ్చుకల పెట్టెలు పెడుతున్నారండి, చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో. పెంకుటిళ్ళు పోయి డాబాలు వచ్చేశాక చూరుల్లో, దూలాల సందుల్లో గూడు పెట్టుకోడానికి వాటికి చోటే లేకుండా పోయింది కదా. కానీ మేకు కొట్టి పెట్టె తగిలించేసి ఇంక మన పని అయిపోయింది అనుకుంటే మాత్రం పిల్లికి విస్తరేసి వడ్డించినట్టే. కాపలా లేని పెట్టె పెట్టేకంటే అసలు పెట్టకపోవడమే మేలు అని నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో బ్లూబర్డ్ అని నీలం రంగు పిట్ట ఒకటుంటుంది, దానికోసం పెరట్లో పెట్టెలు పెట్టేవాళ్ళు బోల్డుమంది, 1978లో లారెన్స్ జెలెనీ అనే ఆయన దీనికోసం ఏకంగా ఒక సొసైటీనే పెట్టారు. వాళ్ళు పెట్టె గురించి ఎంత చెప్తారో పెట్టె కింద ఉండే స్తంభం గురించి కూడా అంత చెప్తారు. అక్కడ బ్లూబర్డ్‌కి పెద్ద శత్రువుల్లో ఒకటి ఏంటో తెలుసా, మన ఊరపిచ్చుకే! 1850ల్లో ఇంగ్లండ్ నుంచి తెచ్చి వదిలారు, అది పెట్టెలో దూరి గుడ్లు పొడిచేసి గూడు లాక్కుంటుంది. ఇక్కడ మనం కాపాడుకోవాల్సింది దాన్నే అనుకోండి, కానీ పిల్లి, పాము ఎక్కకుండా వాళ్ళు చేసే ఏర్పాట్లు మాత్రం మనకి అచ్చంగా పనికొస్తాయి.

ముందు చోటు సంగతి. గోడకి పెడితే సన్‌షేడ్ కింద, నున్నటి గోడ మీద, కనీసం 8 అడుగుల ఎత్తులో పెట్టండి. దగ్గర్లో పిట్టగోడ గానీ, కిటికీ గ్రిల్ గానీ, మీటరు బాక్సు గానీ, నీళ్ళ పైపు గానీ ఉండకూడదు, అవన్నీ పిల్లికి మెట్లే. మొక్కలూ అంతే. మా పక్కింటి పిన్నిగారింట్లో పెట్టె పక్కనుంచే సన్నజాజి తీగ డాబా మీదకి పాకించారు, ఒకరోజు పొద్దున్నే పిచ్చుకలు ఒకటే గోల పెడుతుంటే వెళ్ళి చూశాం, జెర్రిపోతు ఆ తీగ పట్టుకుని ఎక్కి తల పెట్టె కన్నంలో పెట్టేసి ఉంది, తోక ఇంకా పందిరి మీదే ఉంది. పామునేం చెయ్యలేదులెండి, చేలో ఎలకల్ని తినేది అదే కదా, చంపకూడదు. కర్రతో తీగ కదిపితే దిగిపోయింది, ఆ సాయంత్రమే పెట్టె చుట్టుపక్కల తీగంతా కత్తిరించేశారు.

చోటున్నవాళ్ళకి అన్నిటికంటే మంచిది విడిగా పాతిన జీఐ పైపు, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన ఇనప పైపు. చెట్లకీ గోడలకీ 8, 10 అడుగుల దూరంలో పాతి పైన పెట్టె బిగించండి, పెట్టెకి కొంచెం కిందగా గార్డు, అంటే ఏదీ పైకి ఎక్కకుండా ఆపే అడ్డు, తొడగండి. కొబ్బరిచెట్టుకి ఎలకలు ఎక్కకుండా నున్నటి రేకు చుడతాం కదండీ, ఇదీ ఆ పద్ధతే. 6 నుంచి 8 అంగుళాల వెడల్పు పీవీసీ పైపు రెండడుగుల ముక్క చాలు, చేపల చెరువులున్నవాళ్ళ దగ్గర ఇలాంటి ముక్కలు ఎప్పుడూ పడే ఉంటాయి. ఈ పీవీసీ ముక్క పైమూతిని ఇనప జాలీతో మూసెయ్యాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే పాము స్తంభం పట్టుకుని గార్డు లోపల్నుంచే పైకి వచ్చేస్తుంది. కింద మూతి నేలకి మూడు నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. పిల్లి, ఉడుత, ఎలక అన్నీ అక్కడే ఆగిపోతాయి.

ఇక కన్నం. పిచ్చుకకి 32 మిల్లీమీటర్లు సరిపోతుంది, అంటే ఒకటింపావు అంగుళం. పెద్దదైతే గోరింకలు వచ్చి ఆక్రమించేస్తాయి. ఉడుతలు కన్నాన్ని కొరికి పెద్దది చేస్తాయి కాబట్టి అదే సైజు కన్నమున్న రేకుముక్క పైన బిగించండి, అంచులు ఆకురాయితో అరగదియ్యండి, కాళ్ళు కోసుకుపోతాయి పాపం. షాపుల్లో అమ్మే పెట్టెలకి కన్నం కింద అందంగా చిన్న పుల్ల ఉంటుంది, దాన్ని విరిచి పారెయ్యండి. పిచ్చుకకి దాంతో పనిలేదు, దానిమీద కూర్చుని ముక్కు లోపల పెట్టేది కాకే. కన్నం నుంచి అడుగు చెక్కకి కనీసం 5 అంగుళాలు లోతుంటే పిల్లలు దానికి అందవు.

చీమల్ని చాలామంది పట్టించుకోరు గానీ కళ్ళు తెరవని పిల్లల్ని ఎర్రచీమలు పట్టేస్తే ఇంక బతకవు. స్తంభం మీద గార్డు లోపలి భాగంలో, పిట్టలకి తగలని చోట గ్రీజు రాయండి. గోడకి పెట్టినవాళ్ళు చీమల బారు కనపడగానే సబ్బునీళ్ళతో తుడిచెయ్యండి. చీమల చాక్‌పీసులు, పురుగుల స్ప్రేలు దగ్గరకి తేవద్దు, అవి విషం. పెరట్లో కూరమొక్కలకి కూడా గూడు ఉన్నన్నాళ్ళూ మందు కొట్టకండి, పిచ్చుక గింజలు తిన్నా పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులే.

ఎండ సంగతి చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో రేకు పెట్టె పెడితే పిల్లలు లోపల మాడిపోతాయి. మందం చెక్క గానీ మట్టి కుండ గానీ వాడండి, పడమటెండ తగలకుండా చూసుకోండి, పైన గాలికి సందు, అడుగున నీళ్ళు పోడానికి చిన్న చిల్లులు ఉండాలి. అట్టపెట్టెలు మొదటి వానకే నానిపోతాయి.

ఇంకోటి, వలల నైలాన్ దారాలు, గాలిపటాల దారాలు పెరట్లో ఉంచకండి. పిచ్చుకలు గూటికి తీసుకుపోతాయి, పిల్లల కాళ్ళకి చుట్టుకుంటే ఎగరలేక అక్కడే వేలాడి చచ్చిపోతాయి. వాటి బదులు ఎండుగడ్డి, పొట్టిగా కత్తిరించిన కొబ్బరిపీచు వెయ్యండి. వరికంకుల కుచ్చులు కడితే తప్పకుండా కట్టండి, కాకపోతే పెట్టెకి దూరంగా, లేకపోతే గింజలకోసం ఎలకలు, ఉడుతలు అన్నీ గూటి దగ్గరే చేరతాయి.

వారానికోసారి పెద్ద పిట్టలు బయటికెళ్ళినప్పుడు ఫోన్ టార్చితో ఒక్క నిమిషం చూసి వచ్చెయ్యండి. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. పిల్లలకి పది రోజులు దాటాక మూత తియ్యొద్దు, బెదిరి ముందే దూకేస్తాయి. ఈకలు రాని పిల్ల కింద పడితే చేత్తో తీసి గూట్లో పెట్టెయ్యండి, మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదు అనేది నిజం కాదు. ఈకలు వచ్చి గెంతుతున్నదైతే దాన్ని లోపలికి తెచ్చి అన్నం పెట్టకండి, దగ్గర్లో మొక్క మీద కూర్చోబెట్టి మీ పిల్లిని, పక్కింటివాళ్ళ పిల్లిని ఆ రెండుమూడు రోజులు ఇంట్లో ఉంచమనండి, తల్లీ తండ్రీ అక్కడికే వచ్చి మేత పెట్టుకుంటాయి. పిల్లలన్నీ ఎగిరిపోయాక పాతగూడు తీసేసి, పెట్టె ఎండలో ఒకరోజు పెట్టి, మళ్ళీ అదే చోట తగిలించండి.