మెదడు సిరల్లో గడ్డలు – 4వ పాఠం: కనిపించని సైనస్ అంతా మూసుకుపోయినట్టేనా?

పోయిన పాఠం చివర ఇచ్చిన బాలింత కేసుకు జవాబులు చాలామటుకు ఒకే గోతిలో పడ్డాయి. 26 ఏళ్లు, సిజేరియన్ అయి 9వ రోజు, తలనొప్పి, టీఓఎఫ్ వీనోగ్రామ్‌లో (కాంట్రాస్ట్ లేకుండా సిరలను చూపే ఎమ్మారై) ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ (మెదడు నుంచి రక్తం తిరిగొచ్చే పెద్ద దారుల్లో ఒకటి, తల వెనక అడ్డంగా ఉంటుంది) కనిపించలేదు. అంతే, "గడ్డ ఉంది, హెపారిన్" (గడ్డ పెరగకుండా ఆపే మందు) అని రాసేశారు. ఆ సైనస్ అసలు సరిగా పెరిగిందా అన్న ప్రశ్న ఎవరికీ తట్టలేదు. అందుకే ఈసారి చెప్పాల్సిన కార్టికల్ సిరలు (మెదడు పైపొర మీది చిన్న సిరలు) పక్కకు జరిగాయి.

లక్షణాల జాబితా మళ్లీ ఏకరువు పెట్టను. స్పైనల్ మత్తు తర్వాత వచ్చే తలనొప్పి లేచి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆ వరస మారి, పడుకున్నా తగ్గకపోతే, దగ్గినా తెల్లవారుజామునా ఎక్కువైతే, ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) చూసి వీనోగ్రామ్ రాయండి. పథ్యం పేరుతో ఇంట్లో నీళ్లు తగ్గించారేమో అడగండి, ఒంట్లో నీరు తగ్గితే గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. డీ-డైమర్‌తో (గడ్డ ఉందేమో సూచించే రక్త పరీక్ష) ఇక్కడ పని లేదు: కాన్పయ్యాక అది ఎలాగూ పెరిగే ఉంటుంది, నార్మల్ వచ్చినా గడ్డ లేదని తేలిపోదు.

ఇక అసలు గొయ్యి. టీఓఎఫ్‌లో తెల్లగా మెరిసేది సైనస్ కాదు, స్లైస్‌లోకి కొత్తగా వచ్చే రక్తం. రక్తం స్లైస్‌కు అడ్డంగా దూసుకెళ్తే మెరుస్తుంది, స్లైస్ వెంబడే నడిస్తే మసకబారుతుంది. ట్రాన్స్‌వర్స్ సైనస్ పడుకుని ఉంటుంది కాబట్టి యాక్సియల్‌గా (అడ్డకోత స్లైస్‌లుగా) తీసిన టీఓఎఫ్‌లో మాయమవడం మామూలే. పైగా ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా పదిమందిలో దాదాపు ముగ్గురికి ట్రాన్స్‌వర్స్‌లో ఖాళీ కనిపిస్తుంది. అది దాదాపు ఎప్పుడూ చిన్న సైనస్ వైపే, అంటే ఎక్కువమందిలో ఎడమవైపే.

నేనైతే వీనోగ్రామ్ తెరవకముందే సీటీ బోన్ విండో (ఎముకలు స్పష్టంగా కనిపించే అమరిక) చూస్తాను. టెంపోరల్ ఎముక (చెవి దగ్గరిది) వెనక సిగ్మాయిడ్ సైనస్ (ట్రాన్స్‌వర్స్‌కు కొనసాగింపు) ఒరుసుకుని చేసిన గాడి ఉంటుంది. సైనస్ పుట్టుకతో చిన్నదైతే గాడి కూడా చిన్నదే, కింద జుగులర్ రంధ్రమూ (ఆ రక్తం మెడలోకి దిగే చోటు) ఇరుకే. గాడి రెండో వైపంత వెడల్పుగా ఉండి లోపల ప్రవాహం లేకపోతే అప్పుడు అనుమానించాలి. మన కేసులో కుడి గాడి 9 మి.మీ., ఎడమది 3 మి.మీ. అని ఇచ్చాను. ఎవరూ వాడలేదు!

తర్వాత మామూలు ఎమ్మారై. ఎస్‌డబ్ల్యూఐలో (గడ్డకట్టిన రక్తాన్ని నల్లగా పట్టిచ్చే ఎమ్మారై సీక్వెన్స్) గడ్డ నల్లగా ఉబ్బి కనిపిస్తుంది, సన్నగా పుట్టిన సైనస్ అలా ఉబ్బదు. అయినా సందేహం తీరకపోతే కాంట్రాస్ట్ ఇచ్చి 3డీ టీ1 (టీ1, టీ2 ఎమ్మారైలో రెండు రకాల చిత్రాలు), లేదా సీటీ వీనోగ్రామ్ (ఇంజెక్షన్ మొదలైన 45 సెకన్లకు). సన్న సైనస్ గోడ నుంచి గోడ దాకా నిండుతుంది, గడ్డ ఉంటే మధ్యలో నల్ల కాలువ మిగులుతుంది. కాంట్రాస్ట్ ఇచ్చామని తల్లిపాలు ఆపించకండి, అవసరం లేదు.

టీఓఎఫ్ రెండో వైపూ మోసం చేస్తుంది. రెండో వారం గడ్డ టీ1లో తెల్లగా ఉంటుంది కాబట్టి టీఓఎఫ్‌లో అదీ పారే రక్తంలాగే మెరుస్తుంది. మొదటి అయిదు రోజుల గడ్డేమో టీ2లో నల్లగా ఉండి ఫ్లో వాయిడ్‌ను (పారే రక్తం వదిలే నలుపును) అనుకరిస్తుంది. ఒక్క సీక్వెన్స్ చూసి సంతకం పెట్టకండి.

ప్లెయిన్ సీటీలో సైనస్ సాంద్రతను (హెచ్‌యూ, అంటే సీటీ కొలమానంలో) హెమటోక్రిట్‌తో (రక్తంలో ఎర్రకణాల శాతం) భాగించండి. మామూలుగా 1.3 దగ్గర వస్తుంది, 1.8 దాటితే గడ్డను అనుమానించాలి. రక్తహీనత ఉన్న బాలింతకు హెమటోక్రిట్ 30, సైనస్ 66 హెచ్‌యూ అయితే 2.2. అదే 66 హెచ్‌యూ, హెమటోక్రిట్ 50 ఉన్నవారిలో ఏమీ కాదు.

బంధువులతో "సైనస్‌లో గడ్డ" అనకండి, ముక్కు సైనస్ అనుకుని ఆవిరి పట్టిస్తామంటారు. "మెదడు నుంచి రక్తం తిరిగొచ్చే దారి" అనండి.

అభ్యాసం: మీ పాక్స్‌లో (స్కాన్లు దాచే కంప్యూటర్ వ్యవస్థ) నార్మల్ అని రిపోర్టైన 20 మెదడు స్కాన్లు తీయండి, సీటీ, టీఓఎఫ్ రెండూ ఉన్నవే. గాడి రెండు వైపులా కొలిచి, ఏ ట్రాన్స్‌వర్స్ సన్నగా ఉంటుందో ముందే కాగితం మీద రాసి, ఆ తర్వాతే వీనోగ్రామ్ తెరవండి. తప్పినవాటికి కారణం ఒక్కో వాక్యంలో రాయండి. వచ్చే పాఠంలో ఎస్‌డబ్ల్యూఐ పట్టుకుని కార్టికల్ సిరలు, పలాస జీడిపప్పు ఆకారంలో వంగే చిన్న రక్తస్రావాలు.