కరివేపాకు ఎండినా వాసన పోకుండా
పెరట్లో చెట్టు కొమ్మలు కొట్టించినప్పుడు వచ్చిన కరివేపాకునంతా నిరుడు డాబా మీద ఎండలో పోశాను. రెండు రోజులకే గలగలలాడింది కానీ, ఎండుగడ్డిలా వెలిసిపోయింది. పొడి కొడితే మిరపకాయల ఘాటు తప్ప ఆకు జాడే లేదు. వాసననిచ్చే నూనెలు వేడికి ఎగిరిపోతాయి, పచ్చదనాన్ని ఎండ తినేస్తుంది.

ఈసారి రెబ్బలు కడిగి, పాత నూలు పంచె మీద తడి ఆర్చి, ఆకు దూసి, గదిలో ఫ్యాను కింద పలచగా పరిచాను. రోజుకోసారి తిరగేశాను. ఐదో రోజుకు వేళ్ల మధ్య పెళుసుగా విరిగింది. చేతికంటిన వాసన భోజనాల వేళ దాకా పోలేదు.

ముసురు రోజుల్లో ఇది కుదరదు, బూజు పడుతుంది. అప్పుడు సన్నని సెగ మీద మూకుడులో వేయించుకోవడమే నయం. పుదీనా ఇంకా సున్నితం, దానికి మూకుడు కూడా చూపించను.