ప్రాక్టీస్ టెస్ట్‌కు కూర్చునే ముందు

బాలాజీ కాలనీ హాస్టళ్లలో, తిరుపతి ఎస్వీయూ చుట్టుపక్కల రూముల్లో ఉండి ఐటీ సర్టిఫికేషన్లకు చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగా ఇవి చూసుకోండి.

• పరీక్ష కోడ్ సరిపోల్చుకోండి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 2022లో సీ03 అనే కొత్త వెర్షన్ వచ్చింది. సీనియర్లు ఇచ్చిన పాత సీ02 ప్రశ్నలు పక్కన పెట్టేయండి.

• డంప్స్ (అసలు పరీక్షలోవంటూ బయట తిరిగే ప్రశ్నలు, జవాబులు) జోలికి అస్సలు పోవద్దు. వాట్సాప్‌లో తిరిగే ఆ పీడీఎఫ్‌లలో తప్పు జవాబులుంటాయి. పైగా పట్టుబడితే వచ్చిన సర్టిఫికెట్ కూడా రద్దవుతుంది. కష్టపడి చదివేవాళ్లకు ఆ గతి పట్టకూడదు.

• ఈ ఏడబ్ల్యూఎస్ పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు. టైమర్ పెట్టి ఒకే బిగిన రాయండి, ఫోన్ రూమ్మేట్ చేతికిచ్చేయండి. నెగటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీగా వదలొద్దు.

• సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష)లో వెనక్కి వెళ్లి జవాబు మార్చలేం. ప్రాక్టీస్‌లోనూ అలాగే రాయండి.

• టెస్ట్ పూర్తయ్యాక తప్పులు చూడ్డానికి రాసినంత సమయం ఉంచుకోండి. అసలు చదువు అక్కడే. ‘ఏడాదికోసారి చూసే ఫైళ్లు, తక్కువ ఖర్చు’ అనగానే గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు చౌకగా దాచే పద్ధతి) నొక్కేస్తాం. కానీ ప్రశ్న చివర ‘అడిగిన వెంటనే అందాలి’ అని ఉంటుంది. డీప్ ఆర్కైవ్ నుంచి ఫైలు రావడానికి గంటలు పడుతుంది. అక్కడ వెంటనే ఫైలు ఇచ్చే గ్లేసియర్ ఇన్‌స్టంట్ రిట్రీవల్ కావాలి. ఆ కారణాన్ని నోట్స్‌లో సొంత మాటల్లో, తెలుగులోనే రాసుకోండి.

• అదే టెస్ట్ మళ్లీ రాస్తే వచ్చే 90 శాతాన్ని నమ్మొద్దు, జవాబులు గుర్తుండిపోతాయి.

• ఇంగ్లిష్ చదవడం నెమ్మదైతే, ఏడబ్ల్యూఎస్‌లో 30 నిమిషాలు అదనంగా అడగొచ్చు. స్లాట్ బుక్ చేయకముందే అడగాలి.