వాగ్దానం కార్డు సరే, నోటు తీరేదెట్టా?

డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆరాధనలో వాగ్దానం కార్డు, అంటే కొత్త సంవత్సరానికి బైబిల్ వచనం రాసుండే కార్డు తీసినప్పుడు "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు" అని ద్వితీయోపదేశకాండం 28:12 వచ్చిందంటే ఆ ఇంట్లో ఇంక సందడే సందడి. కార్డు హాల్లో అతికిస్తారు, వాట్సాప్ స్టేటస్ పెడతారు, తీరా వేసవిలో పొగాకు వేలం డబ్బులు ఖాతాలో పడ్డాక వడ్డీకి కూడా చాలక అదే అప్పు నోటు తిరగరాస్తారు. వాగ్దానం మీద నాకేం అనుమానం లేదు. కానీ మన నెల్లూరు, ఒంగోలు పక్క అప్పులు తీరకపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఏందంటే, ఎవరికి ఎంత ఇవ్వాలో కట్టుకున్న భార్యకి కూడా చెప్పకుండా దాచుకోవడం, దానికి పరువు అని పేరు పెట్టుకోవడం.

బైబిల్లో 2 రాజులు 4వ అధ్యాయంలో విధవరాలు అట్టా దాచుకోలేదు. అప్పిచ్చినోడు వచ్చి నా ఇద్దరు పిల్లల్ని దాసులుగా పట్టుకుపోతానంటున్నాడని ఎలీషా ప్రవక్త దగ్గరికెళ్లి మొత్తుకుంది. ఆయన నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు, తలుపేసుకుని పిల్లల్తో కలిసి పాత్రల్లో నూనె పొయ్యమన్నాడు, చివర్లో ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. మనం చెయ్యాల్సిన పని వరస కూడా ఇదే.

ఆదివారం భోజనాలయ్యాక టీవీ ఆపేసి, భార్యాభర్తలు, కాలేజీకెళ్లే పిల్లలుంటే వాళ్లు కూడా కూర్చుని ఒక లాంగ్ నోటుబుక్కు తెరవండి. ప్రార్థన చేసుకునే మొదలెట్టండి, ఎందుకంటే ఈ లెక్క మొదలెడితే పది నిమిషాల్లో గొడవ అయ్యే అవకాశం చాలా ఉంది. ఎవరికివ్వాలి, అసలెంత, వడ్డీ ఎంత, నోటు తేదీ ఏంది, ఏం తాకట్టు పెట్టాం, ఇవన్నీ ఒక్కో లైన్లో రాయండి. ఎరువుల షాపు ఖాతా, రొయ్యల చెరువోళ్లైతే మేత షాపు బాకీ, కిరాణా, బావమరిది దగ్గర తీసుకున్న చేబదులు, డ్వాక్రా లోను, క్రెడిట్ కార్డు, ఎవరికీ తెలీకుండా ఫోన్‌లో తీసుకున్న లోన్ యాప్ డబ్బులు, అన్నీ రావాలి. పాట పాడి డబ్బు ముందే తీసేసుకున్న చిట్టీ కూడా అప్పే, ఇంకా ఎన్ని నెలలు కట్టాలో చూసి అది కూడా రాయండి, చాలామంది దాన్ని పొదుపు కింద వేసుకుంటారు.

ఇప్పుడు వడ్డీలన్నీ సంవత్సరం లెక్కలోకి మార్చండి, అసలు కథ ఇక్కడే బయటపడేది. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటది, కానీ ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. క్రెడిట్ కార్డు మినిమమ్ కట్టుకుంటా పోతే చాలా కార్డులకి అది కూడా ఇంచుమించు అంతే. డైలీ ఫైనాన్స్ వాడు పదివేలు రాసుకుని పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే, ఏడాది లెక్కన అది నూటికి నూరు దాటిపోతది. రోజుకి వందే కదా అనిపిస్తది, అందుకే మార్కెట్లో కూరగాయలమ్ముకునే అక్కలు దాంట్లోనుంచి బయటపడలేరు.

నోటు సంగతి కొంచెం వివరంగా చెప్తా. రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నారనుకోండి. నెలకి నాలుగు వేలు, ఏడాదికి 48 వేలు, మూడేళ్లు ఏమీ కట్టకపోతే బారువడ్డీ లెక్కనే 1,44,000. ప్రామిసరీ నోటు మీద కోర్టుకెళ్లడానికి మూడేళ్లే కాలం కాబట్టి అది దాటకముందే అప్పిచ్చినాయన వచ్చి కొత్త నోటు రాయమంటాడు, మీరు 3,44,000కి సంతకం పెడతారు, ఇంక నెలకి వడ్డీ 6,880. కొత్తగా ఒక్క రూపాయి చేతికి రాలేదు, అప్పు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. అందుకే మూడో ఏడు దాకా ఆగొద్దు, పంట డబ్బు వచ్చిన ప్రతిసారీ ఎంతోకొంత తీసుకెళ్లి కట్టి, ఆ నోటు వెనక తేదీతో సహా జమ రాయించుకోండి. ఫోన్‌పేలో పంపినా సరే జమ రాయించుకోండి. మొత్తం తీరిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రావొద్దు, మనోడే కదా అని వదిలేసినవి తర్వాత కొడుకుల కాలంలో కోర్టుకెక్కుతాయి.

ఏది ముందు తీర్చాలి అంటే, నా మాట, వడ్డీ ఎక్కువున్నది ముందు. చిన్నది ముందు తీరిస్తే ధైర్యం వస్తదని కొంతమంది చెప్తారు, అది తప్పేం కాదు గానీ డైలీ ఫైనాన్స్ పెట్టుకుని బ్యాంకు లోను ముందు కట్టడం మాత్రం పిచ్చి పని. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి బయట వడ్డీ తీర్చేయండి, బ్యాంకు గోల్డ్ లోను ఏడాదికి తొమ్మిది పది శాతం దగ్గర ఉంటది, పైన చెప్పిన రెండు లక్షల మీద ఏడాదికి పాతికవేల పైనే మిగులుద్ది. నీ ఇంట్లో ఏముంది అంటే ఇదే మరి. బీరువాలో బంగారం పెట్టుకుని బయట మూడు రూపాయల వడ్డీ కట్టేవాళ్లు ప్రతి సంఘంలో ఉన్నారు. అయితే ఆ మిగిలిన పాతికవేలు కూడా అసలుకే కట్టాలి, లేకపోతే అప్పు అట్టాగే ఉంటది, నగలు కూడా వేలానికి పోతాయి.

లోన్ యాపులోళ్లు, రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేసి భయపెడితే కంగారుపడొద్దు. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత రికవరీ కోసం ఫోన్ చెయ్యకూడదని ఆర్బీఐ రూలు ఉంది. కాల్ రికార్డు చేసి పెట్టుకోండి, బూతులు తిడితే పోలీసులకి ఇవ్వండి.

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు చర్చికిచ్చే కానుక, దాని మాటేంది అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. అప్పు తెచ్చి కానుక ఇవ్వొద్దు, అది నేను గట్టిగా చెప్తా. 2 కొరింథీ 8:12లో పౌలు చెప్పింది శక్తికి మించి కాదు, కలిమి కొలది అని. అట్టాగని అప్పుల పేరు చెప్పి ఇవ్వడం పూర్తిగా మానేసి, కొత్త ఫోన్ మాత్రం ఈఎంఐలో కొనేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు. పంట మీద ఇచ్చేవాళ్లు పెట్టుబడి, కౌలు పోను మిగిలినదాంట్లో ఇవ్వండి. ఇంకా కష్టంగా ఉంటే మన అమ్మమ్మలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పక్కన తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఉంది కదా, అది కూడా కానుకే. పాస్టర్ గారికి పరిస్థితి చెప్పండి, మంచి అయ్యగారైతే అర్థం చేసుకుంటాడు.

ఖర్చుల్లో చిన్నవాటి జోలికి నేను పెద్దగా పోను. టీ మానేస్తే అప్పులు తీరవు. మునిగేది పెళ్లిళ్లలో, ఓణీల ఫంక్షన్లలో, స్లాబు వేశాక పైన ఇంకో అంతస్తు లేపడంలో. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా 14:28లో ప్రభువే చెప్పాడు, ఫంక్షన్ హాలుకి అడ్వాన్సు ఇచ్చాక లెక్క చూసుకోమని చెప్పలేదు. ఆశానిగ్రహం కూడా ఆత్మ ఫలమే, మనం మాత్రం దాన్ని సిగరెట్టు, మందు దగ్గరే ఆపేస్తాం.

ఇంకోటి, హామీ సంతకాలు. చట్ట ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నోడితో సమానం, వాడు ఎగ్గొడితే బ్యాంకోడు నేరుగా మీ ఇంటికే వస్తాడు. పూటపడొద్దని, అంటే ఇంకొకడి అప్పుకి హామీ ఉండొద్దని బైబిల్లో సామెతలు 22:26లో ఉంది, తర్వాత వచనంలో నీ కిందనుంచి పరుపు కూడా లాక్కుపోతారని ఉంది. తమ్ముడు ఇబ్బందుల్లో ఉంటే చేతనైనంత ఊరికే ఇచ్చెయ్యండి, లేదా పని చూపించండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు చేసింది అదే, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నోళ్లకి కూలి దొరికేట్టు చేశారు.

అప్పు తీరేదాకా పొదుపు వద్దు అని మాత్రం అనుకోవద్దు. చేతిలో ఏమీ లేకపోతే పిల్లోడికి జ్వరం వచ్చిన రోజే మళ్లీ ఫైనాన్స్ వాడి దగ్గరికి పోవాలి. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్లు సారా మాన్పించాక మన నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి గ్రూపులు లేచింది రోజుకి ఒక్క రూపాయి లెక్కనే. మీరు రోజుకి యాభై అనుకోండి, నెలకి పదిహేను వందలు, విడిగా ఒక ఖాతాలో వేసి దానికి ఫోన్‌పే కలపకుండా ఉంచండి. నోటుబుక్కు మాత్రం నెలకోసారి అందరూ కూర్చుని తెరవండి, ఒక అప్పు తీరగానే దానికి కట్టే డబ్బు ఆ నెలనుంచే తర్వాత లైన్లో ఉన్నోడికి పోవాలి, మధ్యలో ఫ్రిజ్జు కొనడానికి కాదు.