ప్రాజెక్టుకు తీసుకునే సమాచారం నమ్మదగిందో కాదో ఎలా తేల్చుకోవాలి?

గుంటూరు మిర్చి మీద డిగ్రీ ప్రాజెక్టు చేస్తున్నారనుకుందాం. గూగుల్‌లో కొడితే పేజీలకు కొదవుండదు. పేజీ ఎంత అందంగా ఉందో చూడకండి, అందులోని అంకె ఎక్కడ పుట్టిందో పట్టుకోండి.

1. యార్డులో రికార్డు ధర అని వార్త కనిపించగానే రాసుకోవద్దు. వార్తల్లోకి ఎక్కేది చాలాసార్లు గరిష్ఠ ధర. ఆ రేటు ఏ ఒకటి రెండు లాట్లకో పలికి ఉండొచ్చు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో సరుకు, మార్కెట్, తేదీ ఎంచుకుంటే కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాలు లెక్కన విడివిడిగా వస్తాయి. ఎక్కువ సరుకు అమ్ముడైన ధరే మోడల్. మీ పట్టికలోకి వెళ్లాల్సింది అదే.

2. లెక్క ఏ ఏడాదిది, ఏ హద్దులకు? గుంటూరు జిల్లా జనాభా ఒకచోట 48.88 లక్షలని, మరోచోట దాదాపు 20.9 లక్షలని ఉంటుంది. రెండూ 2011 జనగణనవే. మొదటిది ఉమ్మడి జిల్లాది, రెండోది 2022 ఏప్రిల్ 4 విభజన తర్వాత మిగిలిన జిల్లాది. సాగు విస్తీర్ణం పాత జిల్లాది, జనాభా కొత్త జిల్లాది వేసి తలసరి కట్టారో, రిపోర్టంతా తప్పే. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల మీద రాసే విజయవాడ విద్యార్థులకూ ఇదే చిక్కు.

3. పరిశోధన వ్యాసమైతే దాని డీఓఐ నంబరును (ఆన్‌లైన్‌లో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. శీర్షిక, రచయితలు, ఏడాది మూడూ సరిపోవాలి. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులకు ఇది తప్పనిసరి. జర్నల్ పేరు అసలుదే ఉంటుంది, వ్యాసమే ఉండదు! పాత వ్యాసాలకు డీఓఐ లేకపోతే జర్నల్ సైట్‌లో ఆ సంచిక విషయసూచిక తెరవండి. వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నామనే ఉపసంహరణ నోటీసు ఉందేమో కూడా జర్నల్ సైట్‌లోనే చూడండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వైద్య జర్నల్ వ్యాసాన్ని 2010లో ఉపసంహరించారు. అయినా దాన్ని ఉదహరించేవాళ్లు ఉన్నారు.

4. జర్నల్ సైట్‌లో ‘యూజీసీ కేర్’ ముద్ర చూసి ఊరుకోవద్దు. అది యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా, దాన్ని యూజీసీయే 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఐఎస్ఎస్ఎన్ అన్నది జర్నల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యే తప్ప నాణ్యతకు హామీ కాదు. డబ్బు కడితే మూడు రోజుల్లో అచ్చేస్తామనే జర్నల్‌ను పక్కన పెట్టేయండి.

5. విత్తన కంపెనీ కరపత్రంలోని ఎకరా దిగుబడిని గుంటూరు దగ్గరి లాం ఉద్యాన పరిశోధన కేంద్రం ఫలితాలతో పోల్చండి. నీటి వసతి, సీజను వేరైతే అంకెలూ వేరవుతాయి. అప్పుడు రెండూ పట్టికలో వేసి, తేడా ఎందుకొచ్చిందో కింద ఒక వాక్యం రాయండి. గైడ్ అడిగే మొదటి ప్రశ్న అదే.